హోటల్ బర్గర్ ఇంట్లో: మసాలా కన్నా ముందు పెనం సంగతి

2012లో మెక్‌డొనాల్డ్స్ కెనడా విభాగం ఒక వీడియో విడుదల చేసింది. అందులో ఆ సంస్థ ఎగ్జిక్యూటివ్ చెఫ్ డాన్ కూడ్రో దుకాణాల్లో దొరికే సరుకులతో బిగ్‌మాక్ తయారు చేసి చూపించారు. ఏళ్ల తరబడి జనం ఊహాగానాలు చేసిన ‘రహస్య సాస్’లో ఏముందో కూడా చెప్పేశారు. మయోనైజ్, తీపి దోసకాయ పికిల్ తురుము, మస్టర్డ్, వైట్ వైన్ వెనిగర్, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, పాప్రికా. అంతే.

రహస్యం బయటపడ్డాక వెతుకులాట ఆగిపోవాలి. ఆగలేదు. ‘రెస్టారెంట్ స్టైల్ బర్గర్ ఇంట్లోనే’ అనే వీడియోలు తెలుగులోనూ కొల్లలుగా వస్తున్నాయి. వాటిలో చాలావరకు ఒకే తీరు. మిరియాల పొడి పావు చెంచానా, అర చెంచానా అన్నది జాగ్రత్తగా చెబుతారు. వేడి దగ్గరికి వచ్చేసరికి ‘మీడియం మంట మీద రెండు వైపులా ఎర్రగా కాల్చుకోవాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎవరి పొయ్యి మీద మీడియం? ఏ పెనం మీద? హోటల్ రుచికీ ఇంటి రుచికీ ఉన్న తేడాలో పెద్ద భాగం ఆ చెప్పకుండా వదిలేసిన మాటలోనే ఉంది.

బర్గర్‌లో మనసు దోచేది పైన ఏర్పడే ముదురు గోధుమరంగు పొర. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి వందలాది వాసన పదార్థాలను పుట్టిస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన ఈ చర్యకు ఆయన పేరే స్థిరపడింది. పెనం మీద ఇది చురుగ్గా సాగాలంటే మాంసం ఉపరితలం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అక్కడ నీరు ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే వేలాడుతుంది. అందుకే ఇంట్లో చేసిన ప్యాటీ చాలాసార్లు వేగదు, తన నీటిలో తానే ఉడుకుతుంది. బూడిదరంగులో, చప్పగా తేలుతుంది. తప్పు మసాలాది అనుకుని మరో చెంచా వేస్తారు.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం గుర్తున్నవాళ్లు ఈ లెక్క వేసుకోవచ్చు. 100 గ్రాముల ప్యాటీ నుంచి 20 గ్రాముల నీరు ఆవిరైపోవాలంటే, బాష్పీభవన గుప్తోష్ణం ప్రకారం దాదాపు 45 కిలోజౌల్స్ వేడి కావాలి. ఆ వేడినంతా పెనమే తన నిల్వలోంచి ఇచ్చిందనుకుందాం. అరవై సెంటీమీటర్ల చదరం, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న హోటల్ ఉక్కు పలక బరువు 56 కిలోలు. దాని ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు కూడా తగ్గదు. రెండు కిలోల ఇనుప పెనమైతే 50 డిగ్రీలు పడిపోతుంది. అర కిలో అల్యూమినియం నాన్‌స్టిక్ పెనమైతే 100 డిగ్రీలు. అంటే 200 డిగ్రీల దగ్గర మొదలుపెట్టినా నేరుగా నీరు మరిగే స్థాయికి జారుతుంది. కింద మంట వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నిజంగా ఇంత పతనం ఉండదు, కానీ మూడింటి మధ్య నిష్పత్తి మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఇంట్లో ఒక్క ప్యాటీతో ఎవరూ ఆపరు. పిల్లలు ఆకలితో అరుస్తుంటే నాలుగూ ఒకేసారి వేస్తారు.

నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి ఈ లోటు పూడ్చుకోవాలనుకోవడం మంచిది కాదు. దాని టెఫ్లాన్ పూత దాదాపు 260 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నం కావడం మొదలై, హానికర పొగలు వస్తాయి. అసలు పరికరం చాలా తెలుగు ఇళ్లలో అటక మీద ఉంది. అది అమ్మమ్మ కాలం నాటి బరువైన ఇనుప దోసె పెనం. ఉడిపి హోటల్‌లో దోసె మాస్టర్ పలక మీద నీళ్లు చిలకరించి, చీపురుతో ఊడ్చి పిండి వేయడం అందరూ చూసిందే. ఆయన చేసేది ఉష్ణోగ్రత నియంత్రణే. నీటిచుక్క ఎలా చిటపటలాడిందో చూసి వేడి ఎంతుందో అంచనా కడతాడు, ఎక్కువైతే మరికొన్ని నీళ్లతో దించుతాడు. ఆ నైపుణ్యాన్ని ‘చేతివాటం’ అని పక్కన పెట్టేయడం వల్లే వంటలో భౌతికశాస్త్రం ఉందని మనకు తట్టదు.

అన్ని బర్గర్లకూ ఒకే సూత్రం కాదులెండి. 1921లో అమెరికాలోని విచిటాలో మొదలైన వైట్ కాజిల్ సంస్థ పల్చటి చిన్న ప్యాటీలను ఉల్లిపాయల పరుపు మీద ఆవిరికే ఉడికిస్తుంది. ఆవిరి పైకి రావడానికి ప్యాటీకి అయిదు రంధ్రాలు పెడుతుంది. ఆ రుచి కావాలనుకునేవారికి పై లెక్కతో పనే లేదు. ముందు తేల్చుకోవాల్సింది నచ్చిన బర్గర్ వేగినదా, ఉడికినదా అని.

మన వంటిళ్లలో మరో అలవాటు ఉంది. కీమాలో ఉప్పు, అల్లం వెల్లుల్లి, గుడ్డు వేసి బాగా పిసకడం. ఉప్పు మాంసంలోని మయోసిన్ అనే ప్రొటీన్‌ను కరిగిస్తుంది. అది జిగురులా అల్లుకుని ముద్దను గట్టిపరుస్తుంది. సీక్ కబాబ్‌కు కావాల్సింది సరిగ్గా అదే. బర్గర్‌కు కావాల్సింది పొడిపొడిగా విడిపోయే గుణం. కాబట్టి కీమాను వీలైనంత తక్కువ తాకి, ఉప్పును పెనం మీద వేసే ముందు పైపైన చల్లితే చాలు. లేదంటే వచ్చేది బన్నులో పెట్టిన కబాబ్. రుచిగానే ఉంటుంది, అది వేరే సంగతి.

అయితే రెస్టారెంట్‌ను అనుకరించకూడని చోటు ఒకటుంది. విదేశీ వంట కార్యక్రమాల్లో ప్యాటీని కోసి లోపలి గులాబీ రంగును గర్వంగా చూపిస్తారు. కోయని మాంసపు ముక్కకు బ్యాక్టీరియా ప్రధానంగా పైపొర మీదే ఉంటుంది, కాలిస్తే చస్తుంది. కీమా కొట్టినప్పుడు ఆ పైపొరే లోపలికంతా కలిసిపోతుంది. 1993లో అమెరికాలో జాక్ ఇన్ ది బాక్స్ హోటళ్ల బర్గర్లు తిని ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ.కోలై ఓ157:హెచ్7 అనే బ్యాక్టీరియా. ప్యాటీ లోపల 68 డిగ్రీలు ఉండాలని వాషింగ్టన్ రాష్ట్రం అప్పటికే నిబంధన పెట్టింది. ఆ సంస్థ పాటించింది 60 డిగ్రీల పాత ప్రమాణం. మధ్యలో తేడా ఎనిమిది డిగ్రీలు. ‘మీడియం మంట’ అనే మాటలో ఆ ఎనిమిది డిగ్రీలు ఎక్కడున్నాయి?

రంగు చూసి తెలుసుకోవచ్చనుకుంటే అదీ కుదరదు. ప్రతి నాలుగు హ్యాంబర్గర్లలో ఒకటి సురక్షిత ఉష్ణోగ్రత చేరకముందే లోపల గోధుమరంగుకు తిరుగుతుందని అమెరికా వ్యవసాయ శాఖ హెచ్చరిస్తోంది. మటన్, బీఫ్ కీమాకు 71 డిగ్రీలు, చికెన్‌కు 74 డిగ్రీలు అని ఆ శాఖ చెబుతుంది. మన దగ్గర బర్గర్ అంటే ఎక్కువగా చికెన్ లేదా ఆలూ టిక్కీ. ఆలూ ముందే ఉడికి ఉంటుంది కాబట్టి దాని సమస్య పైపొర వరకే. చికెన్ కీమా అలా కాదు. మార్కెట్లో కొట్టించి, సంచిలో వేసుకుని, ఎండలో ఇంటికి తెచ్చే కీమాకు ఈ అంకె మరీ అవసరం.

గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ ధర కొన్ని వందల రూపాయలు, కొన్ని ప్యాకెట్ల మసాలాల పాటి. దాన్ని ప్యాటీకి పై నుంచి కాకుండా పక్క నుంచి, మధ్య భాగం దాకా గుచ్చాలి. కానీ ఆ భారం వండేవాళ్ల మీదే వేయడం అన్యాయం. లక్షలమంది చూసే వంటకాన్ని రాసేవారు, చూపించేవారు ఉష్ణోగ్రతను కూడా ఒక దినుసుగా రాయాలి. పెనం ఇనుముదా అల్యూమినియందా, బరువెంత, ఒక్కసారి ఎన్ని ప్యాటీలు వేయాలి అన్నవి చెప్పాలి. ‘100 గ్రాముల చికెన్ ప్యాటీ, రెండు కిలోల ఇనుప పెనం, ఒక్కసారికి రెండే, లోపల 74 డిగ్రీలు’. పావు చెంచా మిరియాల పొడి పక్కన ఈ ఒక్క వరుసకు చోటు లేకపోదు.