జంతుశాలలలోని కొంగలు: రెక్కల ప్రశ్న

తెలుగున కొంగ యను మాట చాల దూరము వ్యాపించినది. చెరువుగట్టున ఒంటికాలిపై నిలిచిన చిన్న తెల్లని పిట్టయు కొంగయే. నత్తలను చీల్చి తిను గుల్లకొంగయు కొంగయే. ఇంచుమించు మూడడుగుల యెత్తున నిలిచి, పసుపుపచ్చని ముక్కును, గులాబివన్నె యీకలును గల ఎర్రకాళ్ళ కొంగయు కొంగయే. శాస్త్రజ్ఞులు వీనిని వేర్వేరు కుటుంబములుగా విభజింతురు. పిల్లలకు సులభముగా చెప్పదగిన గుర్తొకటి కలదు. చిన్న తెల్లకొంగ మెడను ముడిచికొని యెగురును. పెద్దకొంగలలో మిక్కిలి భాగము మెడను ముందునకు చాచి యెగురును. పెద్దకొంగకు గొంతులో పలుకు లేదు. పై ముక్కును క్రింది ముక్కుతో టకటక కొట్టుకొనుటయే దాని భాష. ఈ వ్యాసము ఆ పెద్దకొంగలను గూర్చినది.

ప్రపంచమందలి జంతుశాలలు పెక్కు ఈ పక్షులను ప్రీతితో పెంచుచున్నవి. చూపరులకు ఆనందము, పోషణకు పెద్ద చిక్కు లేదు, చేపలు దొరికిన చాలును. కాని యొక ప్రశ్న మాత్రము నేడు ఐరోపాలో చట్టసభల వరకు వెళ్ళినది. కోనేటి యొడ్డున పైకప్పు లేక, వల లేక నిలిచియున్న కొంగ ఎగిరిపోదేల? ఆ ప్రశ్నకు సమాధానము చాలమంది చూపరులకు తెలియదు. పిల్ల పుట్టిన కొలది దినములలోనే ఒక రెక్క చివరి కీలును కోసివేయుదురు. పెద్ద యీకలు మొలచు భాగమే అది. రెండు రెక్కలకు తూకము తప్పుటచే ఆ పక్షి బ్రతికినంతకాలము ఎగురలేదు. ఈకలను మాత్రము కత్తిరించుట వేరు. అవి కొంతకాలమునకు రాలి, మరల మొలచును. కోసిన యెముక మొలవదు. జర్మనీ దేశపు శాసనము దీనిని అంగచ్ఛేదముగా నెంచి నిషేధించినది. బ్రిటనులో వ్యవసాయమునకు పెంచు పక్షులకు తప్ప ఇతర పక్షులకు ఇంకను అనుమతి కలదు.

ఈ పద్ధతిని సమర్థించువారు చెప్పు మాటను తోసివేయుట న్యాయము కాదు. వలక్రింద ఉంచవలెనన్న స్థలము కుదించవలసివచ్చును; బారెడు రెక్కలుగల పక్షి ఇరుకు పంజరములో ఎగురబోయి వలకు తగిలి గాయపడును; దానికంటె ఎగురలేకున్నను విశాలమైన తటాకమే మేలని వారి వాదము. మాట సగము నిజమే. కాని ఆ తటాకము కొంగకు ఏపాటి సుఖము నిచ్చుచున్నదో పరిశీలింపవలెను. ఈ జాతులు చెట్ల కొమ్మలపై గూడు కట్టునవి. రెక్క తెగినది అక్కడికి చేరనేలేదు. జోడు కట్టునప్పుడు మగపక్షి ఆడుదాని వీపుపై నిలిచి రెండు రెక్కలను ఆడించుచు తూకము నిలుపుకొనవలెను. ఒక రెక్క కురుచయైన మగది జారిపడును, గ్రుడ్లు వట్టిపోవును. కనుక సంతానవృద్ధియే మా లక్ష్యమని ప్రకటించు సంస్థ రెక్కను కోయుట తన చేతిని తానే కోసికొనుట వంటిది.

కాళ్ళ సంగతియు ఇట్టిదే. బరువైన పక్షి యేండ్ల తరబడి సిమెంటు నేలపై నిలిచిన యెడల అరికాలు పుండుపడును. మరియొక విశేషము ఉపాధ్యాయులకు ఉపయోగపడగలదు. ఎండవేళ కొంగ తన కాళ్ళపై తానే రెట్ట వేసికొనును. ఆ తడి ఆరుటచే కాలిలోని రక్తము చల్లబడును. కూజాలోని నీరు చల్లబడు సూత్రమే ఇది. తెల్లబారిన కాళ్ళను చూచి జబ్బు అనుకొను సందర్శకులు చాలమంది. ఈ యలవాటు వలననే కొంగకాలికి గుర్తుగా తొడిగిన కడియము క్రింద రెట్ట గట్టిపడి, కాలిని ఒరసి, తుదకు కుంటిదానిని చేయు ప్రమాదము కలదు.

ఇక మన దేశమునకు వత్తము. ఢిల్లీ జంతుశాల 1959లో ప్రారంభమైనది. అందలి కొలనుల నడుమ చిన్న లంకలు, వానిపై చెట్లు ఏర్పడినవి. 1960 ప్రాంతము మొదలు అడవి ఎర్రకాళ్ళ కొంగలు తమంత తాముగా వచ్చి, ఆ చెట్లపై గూళ్ళు కట్టుట ప్రారంభించినవి. వానిని ఎవరును కొనలేదు, పట్టలేదు, రెక్క కోయలేదు. వానకాలము చివర వచ్చును. పిల్లలను పెంచుకొని వేసవికి ముందు వెడలిపోవును. ఆహారమునకు యమునకును, చుట్టుపట్ల చిత్తడి నేలలకును పోయివచ్చును. వాని వేట చూడదగినది. ముక్కును కొంచెము తెరచి నీటిలో ముంచి, అటునిటు ఆడించుచు నడచును. చేప తగిలిన తక్షణమే ముక్కు మూసికొనును. కంటితో పనిలేదు, స్పర్శతోనే పని. కనుక బురదనీరైనను వెరపు లేదు. జంతుశాల ఆ పక్షులకిచ్చినది నీటినడుమ చెట్టు, మనుష్యుని వలన భయము లేకుండుట, ఈ రెండే. పంజరములకై వెచ్చించు ధనమును గూర్చి వాదించువారందరు ముందుగా ఈ దృష్టాంతమును తలపోయవలెనని నా యభిప్రాయము.

అయినను దీనికి రెండవ పక్కయు కలదు. 2016 అక్టోబరులో పక్షుల ఇన్ఫ్లుయెంజా వ్యాధి సోకి ఢిల్లీ జంతుశాలలో పక్షులు మరణించినవి; సందర్శకులకు ద్వారములు మూసివేయబడినవి. 2025 ఆగస్టు చివర ఎర్రకాళ్ళ కొంగలే ఆ వ్యాధికి గురియగుటచే మరల మూయవలసివచ్చెను. వెలుపలి పక్షియు, లోపలి పక్షియు ఒకే నీటిని త్రాగుచోట రోగమునకు గోడ లేదు. వలలు కావలెననువారికి ఇది బలమైన యాధారము. స్వేచ్ఛగా వచ్చు కొంగలు కావలెనన్నచో, జంతుశాల వైద్యుల సంఖ్యను, నీటి పరీక్షలను పెంచక తప్పదు. ఊరక సంతోషించుటతో సరిపోదు.

పెంచి విడుచుట మరియొక మార్గము. ఇందు జపానువారి కథ విపులముగా చెప్పదగినది. హ్యోగో మండలమునందలి టొయొఒకా పట్టణము చుట్టు వరిపొలములలో తూర్పుకొంగ యని పిలువబడు పెద్ద తెల్లకొంగ ఉండెడిది. పురుగుమందుల వలన పొలములలోని చేప, కప్ప నశించినవి. విషము కొంగ శరీరమునను చేరినది. 1965లో మిగిలిన పక్షులను పట్టి పెంపకము ప్రారంభించిరి. ఇరువదియేండ్లకు పైగా ఒక్క పిల్లయు దక్కలేదు. 1971లో ఆ దేశపు కడపటి అడవికొంగ మరణించెను. 1985లో రష్యాలోని ఖబారోవ్స్క్ నుండి ఆరు పడుచు పక్షులు వచ్చెను. 1989లో పిల్లలు దక్కినవి. ఐనను వెంటనే విడువలేదు. రైతులతో మాటలాడిరి, మందులు తగ్గించి, పొలములలో నీటిని ఎక్కువకాలము నిలిపి పంట పండించు పద్ధతిని నేర్పిరి. 2005 సెప్టెంబరులో అయిదు కొంగలను ఆకసమునకు విడిచిరి. నేడు జపానులో స్వేచ్ఛగా తిరుగు తూర్పుకొంగలు 300 దాటినవి. పంజరము పక్షిని నలువదియేండ్లు కాపాడినది. పొలము మారనిచో ఆ నలువది యేండ్లును వ్యర్థమే.

స్విట్జర్లాండు అనుభవము వేరు. 1950 నాటికి ఆ దేశమున గూడు కట్టు తెల్లకొంగ మిగులలేదు. మాక్స్ బ్లోష్ అను నాతడు 1948 మొదలు ఆల్ట్రూ గ్రామమున కొంగలను పెంచెను. అల్జీరియా నుండియు పిల్లలను తెప్పించెను. విడిచిన పక్షి పారిపోకుండుటకు కొన్నియేండ్లు పంజరమున నుంచుట అలవాటయ్యెను. సంఖ్య పెరిగినది, నిజమే. కాని వానిలో పెక్కు చలికాలమున ఆఫ్రికాకు పోవుట మానినవి. మనుష్యులు పెట్టు తిండికి మరిగినవి. పిల్లకొంగ దారిని చాలవరకు పెద్దల వెంట పోయి నేర్చుకొనును. పెద్దలే కదలకున్న నేర్పువారెవ్వరు? ఇంగ్లండులో సస్సెక్సు ప్రాంతపు నెప్ ఎస్టేటువారు ఈ పాఠమును గమనించిరి. వార్సా జంతుశాల నుండి గాయపడి ఎగురలేని అడవికొంగలను తెచ్చి, ఆవరణమున నుంచి, ఎగురు కొంగలను వానిచుట్టు నిలువనిచ్చిరి. 2020లో అచట పిల్లలు పుట్టినవి. అంతకుముందు బ్రిటనులో తెల్లకొంగ గూడు కట్టినట్లు వ్రాతమూలకముగ తెలియునది 1416లో, ఎడింబరోలో.

అన్ని జాతులును ఇట్లు లొంగవు. ఆఫ్రికాలోని చెప్పుముక్కు పక్షి మానవుని పెంపకమున రెండుమారులు మాత్రము, 2008లో బెల్జియమునందును, 2009లో అమెరికాయందును, పిల్లలను కనినట్లు ప్రసిద్ధి. అది ఏకాంతప్రియము, జంటగా కూర్చిన యెడల పోట్లాడును. అట్టి పక్షిని వేడుకకై విలువకట్టి కొనుట నా దృష్టిలో అనుచితము.

మన యస్సామునకు వచ్చినచో, అచట హర్గిలా యను బట్టతల పెద్దకొంగ కలదు. ఎముకలను సైతము మ్రింగును, గూటిక్రింద దుర్గంధము. ఆ కారణమున గ్రామస్థులు గూడున్న చెట్లను నరికించెడివారు. ఎత్తైన చెట్ల నుండి పిల్లలు జారిపడుట మామూలు. కామరూప్ జిల్లాలోని దాదరా మున్నగు గ్రామములలో పూర్ణిమాదేవి బర్మన్ గారు స్త్రీలను కూర్చి, ఆ పక్షిని ఇంటి యాడుబిడ్డవలె ఆదరింపజేసిరి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆమెను సత్కరించెను. గువాహటి జంతుశాలలో వెదురు మంచెలు కట్టి ఈ జాతికి గూటిస్థలము కల్పింపగా అచట గ్రుడ్డు పొదుగబడి పిల్ల వెలువడినది. రెక్క కోయనక్కరలేదు, మంచె కట్టిన చాలునని అది చూపినది.

మన జిల్లాలలో ఈ మంచె కొత్తది కాదు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులలో తుమ్మచెట్లు చాలనప్పుడు ఇనుప స్తంభములు నాటగా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వానిపై గూళ్ళు కట్టుచున్నవి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురము గ్రామమున ఇవే పక్షులు ఇండ్ల నడిమి చెట్లపై పిల్లలను పెంచుచున్నవి, తేలుకుంచిలో గుల్లకొంగలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ జిల్లాలో వేలాది చెట్లను కూల్చినది. హైదరాబాదు నెహ్రూ జంతుశాల 1963లో, విశాఖపట్టణపు ఇందిరాగాంధి జంతుశాల 1977లో తెరువబడినవి. వీని వైద్యులకు, పక్షిపోషకులకు గల నేర్పు తేలినీలాపురమున గూటి నుండి జారిపడిన పిల్లకు ఉపయోగపడునట్లు ఏర్పాటు చేయుట కష్టమేమియు కాదు. జారిపడిన పిల్ల కాలికి కట్టు కట్టి, కోలుకొనువరకు చేపలు పెట్టి, తుదకు రెక్కలతోనే ఆ చెరువునకు తిరిగి పంపుటకు కావలసినది ఒక చిన్న గది, ఒక వాహనము, పని తెలిసిన ఇరువురు మనుష్యులు.