ప్రాంగణం సిద్ధమవుతుంది, మన పిల్లలు సిద్ధమా?

విజయనగరం జిల్లా మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి శాశ్వత ప్రాంగణం కడుతున్నారు. 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. స్థలం సుమారు 561 ఎకరాలు, అంచనా వ్యయం 834 కోట్ల రూపాయలు. దేవరాపల్లి ప్రాంత సంఘాలకు ఇది ఎక్కడిదో వార్త కాదు. మన మండలంలో కొండ అంచు పల్లెల్లోను, పైన అనంతగిరిలోను ఉన్న గిరిజన కుటుంబాల పేరు మీదనే ఆ గోడలు లేస్తున్నాయి. వారిలో మనతో కలిసి ఆరాధించేవారూ ఉన్నారు.

ఈ విశ్వవిద్యాలయం కోసం చాలాకాలం ఎదురుచూశాం. 2014 రాష్ట్ర విభజన చట్టం హామీ ఇచ్చింది. 2018 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మొదటి దశకు 420 కోట్లు ఆమోదించింది. అప్పుడు అనుకున్న స్థలం మనకు దగ్గరలోని కొత్తవలస మండలం రెల్లి గ్రామం. 2019లో పార్లమెంటు చట్టం చేసింది, ఆ ఏడాదే విజయనగరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత పీజీ కేంద్రంలో తరగతులు మొదలయ్యాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, తరువాత స్థలమూ మారింది. ఏ స్థలం మంచిదన్న వాదనలోకి మేము దిగము. కాని ఆలస్యానికి మూల్యం చెల్లించినది విద్యార్థులే. మొదట చేరినవారి చదువు శంకుస్థాపనకు ముందే ముగిసిపోయింది.

నెహెమ్యా గ్రంథం చదివినవారికి ఒక సంగతి గుర్తుండాలి. యెరూషలేము ప్రాకారం 52 దినాల్లో పూర్తయింది. మన ప్రసంగాలు సాధారణంగా అక్కడే ఆగిపోతాయి. ఏడవ అధ్యాయంలోకి వెళ్తే, పట్టణం విశాలమే గాని లోపల జనం కొద్దిమందే అని తెలుస్తుంది. అందుకే తరువాత చీట్లు వేసి పదిమందిలో ఒకరిని అక్కడికి తెచ్చారు. గోడ కట్టడం ఒక పని, దానిలోనికి మనుష్యులను చేర్చడం మరొక పని. రెండవ పనికి శంకుస్థాపన సభలు ఉండవు.

పేరులో గిరిజన అని ఉన్నది కనుక సీట్లన్నీ కొండ పిల్లలకే అనుకుంటే పొరపాటు. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాలపై 2006లో వచ్చిన చట్టం ఎస్టీలకు ఇచ్చిన వాటా 7.5 శాతం. ప్రవేశానికి సీయూఈటీ రాయాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే పల్లెలో, సెల్ సిగ్నల్ కోసం గట్టెక్కే పల్లెలో, ఇంటర్ చదివిన అమ్మాయికి ఆ పరీక్ష సంగతి ఎవరు చెబుతారు?

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి ఉన్నాయి. భవనాలకు గడువు చెప్పినట్టే అధ్యాపకుల నియామకాలకూ గడువు చెప్పాలి. మన్యం పల్లెల నుండి ఏటా ఎంతమంది చేరారో, ఎంతమంది మధ్యలో మానేశారో ప్రకటించాలి. ఆశ్రమ పాఠశాలల్లో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పేవారు లేకుండా విశ్వవిద్యాలయం కడితే, అది మెట్లు లేని మేడ అవుతుంది.

అయితే సంఘం చేయగలిగినదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రతి సంఘంలో చదువుకున్న యౌవనులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల పేర్లు రాసుకోండి. దరఖాస్తుల వేళ మందిరంలో ఒక కంప్యూటరు పెట్టి దగ్గరుండి నింపించండి. పరీక్ష రోజు ప్రయాణ ఖర్చుకు కానుకల్లో కొంత కేటాయించండి. విశ్వాసుల పిల్లలకే అని గీత గీయవద్దు. పొరుగువాడెవడని అడిగినవానికి ప్రభువు చెప్పిన జవాబు మనకు తెలిసినదే.

కుల ధ్రువపత్రం దగ్గర కొందరు వెనుకాడుతున్నారు. మందిరానికి వెళ్తే ఎస్టీ హోదా పోతుందన్న భయం అది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకు ఉన్న మత నిబంధన ఎస్టీలకు లేదు. ఈ మాట కాపరులు సంఘంలో స్పష్టంగా చెప్పాలి.

ఆ ప్రాంగణం తలుపులు తెరుచుకునే రోజు నాయకులు వస్తారు, ఫోటోలు తీస్తారు. ఆ రోజు మనం చూడవలసినది శిలాఫలకం మీది పేర్లను కాదు, హాజరు పట్టీలో ఉన్న మన కొండ పిల్లల పేర్లను. ఆ పట్టీకి పేర్లు సమకూర్చే పని ఈ ఆదివారమే మొదలుపెడదాం.