చెవికి అందని నవ్వులు

తమిళనాడులోని సాత్తూరులో మా పెద్దమ్మ మధ్యాహ్నం పూట కారసేవు పొట్లాలు కడుతూ ఫోన్‌లో తెలుగు ఇంటర్నెట్ రేడియో పెట్టుకుంటుంది. ఇంట్లో తరతరాలుగా తెలుగే, కానీ చదువు తమిళంలో సాగింది. మన లిపి రాదు. ఆమెకు తెలుగంటే చెవిన పడేదే. అలాంటి మనిషికి హాస్యం పేరుతో ఏం వినిపిస్తున్నారు? సగం సినిమా ముక్కలు, మిగతా సగం అమీర్‌పేట హాస్టళ్ల మీద, గచ్చిబౌలి ట్రాఫిక్ మీద స్టాండప్ జోకులు. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు వేలాడుతున్న కోడిని చూస్తూ అన్నం తినడం కళ్లతో చూసి నవ్వాల్సింది. రేడియోలో ఆ కోడి ఏదీ? మొన్న పెద్దమ్మ పురికొస పక్కన పెట్టి, “ఎందుకు నవ్వుతా ఉండారురా వాళ్లు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గొంతుతోనే సభలను నవ్వించిన నేరెళ్ల వేణుమాధవ్ మనవాడే కదా, రేడియోకి ఆ మిమిక్రీకన్నా తగిన కళ ఏముంది! మా వైపే, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాషా తెలుగే. ఇక్కడికి వలసొచ్చిన తెలుగువాళ్ల కథ చెప్పిన ఆయన నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇన్ని కథలున్న నేల ఇది. రేడియో నడిపేవాళ్లకు నా మనవి ఒక్కటే: వారానికి ఒక్క గంట మా కరిసల్ (నల్లరేగడి) నేల తెలుగులో నవ్వించేవాళ్లకు మైకు ఇవ్వండి.