నారుమడికి మన పొట్టు

సంకరజాతి విత్తనములు ప్రియమైనకొలది టమాట, మిరప, వంగనారును నీడవలల క్రింద గుంతల పళ్లెములలో పెంచుట మన రాష్ట్రమున వాడుకయైనది. ఆ గుంతలలో నింపునది మట్టి కాదు. ఐరోపా తోటలవారు ఇందులకు చిరకాలముగా పీట్‌ను వాడుచున్నారు. చిత్తడినేలలలో నాచు పూర్తిగ కుళ్లక పేరుకొనినదే పీట్. అది ఏటికి సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. మీటరు మందము త్రవ్విన, వేయేండ్ల నిలువ పోయినట్లే. దానిలో దాగియున్న కర్బనము గాలిలో కలియుచున్నదని గ్రహించి ఆ దేశములవారే నేడు మారుపదార్థములను వెదకుచున్నారు.

వారికి దొరకినది మన కొబ్బరిపొట్టు! పీచు తీయగా మిగులు నీ పొట్టు ఒకప్పుడు దారుల ప్రక్క గుట్టలై పడియుండెడిది. నేడు పొల్లాచి ప్రాంతమున దిమ్మలుగ నొత్తబడి హాలండు గాజుతోటలకు ఓడలెక్కుచున్నది. 5 కిలోల దిమ్మ నీట నానిన సుమారు 70 లీటర్లగును. ఇది తన బరువునకు ఏడెనిమిది రెట్లు నీటిని పట్టును.

అయినను మన కడపసీమ రైతు ఒకటి గుర్తింపవలెను. కొబ్బరిపొట్టులో సోడియము, పొటాషియము లవణములు మెండు. మంచినీట కడిగినను కొంత విడువవు. కాల్షియము నైట్రేటు ద్రావణమున నానవైచి మరల కడుగవలసియుండును. బోరునీరే ఉప్పనైన చోట్ల కడుగుట యెట్లు? కడుగని దిమ్మ చౌకగ దొరకినదని మురిసిన, లేతనారు ఆకుకొనలు మాడి నష్టము మిగులును. కొనువారు కడిగిన పొట్టేనా యని అడిగి, ఉప్పదనమును కొలిపించి కొనుట న్యాయము.

ఇంతకును మన సీమ కొబ్బరిసీమ కాదు. ప్రొద్దుటూరు ప్రాంతమున వేరుసెనగ పొట్టును, కర్నూలు-కడప కాలువ క్రింద వరిఊకయును, పులివెందులయందు గెల కోసిన అరటిబోదెలును కలవు. వీనితో దిమ్మల ఖర్చు సగమైనను తగ్గింపరాదా? పచ్చిపొట్టు మాత్రము తగదు. కుళ్లునపుడు నత్రజనిని తానే హరించి నారును పసుపుబారజేయును. నేలనుండి వచ్చిన తెగులుబీజములును అందుండవచ్చును. పేడనీట తడిపి, త్రిప్పుచు, వేడిపుట్టి చల్లారువరకు నెలల తరబడి మాగబెట్టవలెను. ఊకను బూడిద కానీయక బొగ్గుగ కాల్చిన తేలికయై వేళ్లకు గాలినిచ్చును. క్షారగుణము కలది గనుక మితముగ కలుపవలెను.

ఏ పాళ్లు మేలో ఊటుకూరు కృషివిజ్ఞానకేంద్రము, అనంతరాజుపేట ఉద్యానకళాశాల ఈ సీమ నీటితోనే పరీక్షించి, వల్లూరు, జమ్మలమడుగు రైతులకు అర్థమగు తెలుగున ప్రకటింపవలెనని కోరుచున్నాము. నూనెమిల్లుల యజమానులు పొట్టునంతయు ఇంధనమున కమ్మక కొంత నారుమళ్లవారికి విడచిన, వారికిని నష్టముండదు. పాళ్లు తేలువరకు రైతు నారునంతయు క్రొత్తమిశ్రమమున కొప్పగింపక, పది పళ్లెములలో పోసి మూడువారములు చూచుకొనవలెను.