మాది అంబాసిడరే!



ఆదివారపు ఆరాధన ముగిశాక చెట్టు నీడను చేరిన పెద్దలను గమనించండి. వానలు, ధరలు, పిల్లల చదువులు అయిన తరువాత మాట బండ్ల మీదికి మళ్ళుతుంది. ఒకరు మారుతి తప్ప మరొకటి ముట్టరు. టాటాను ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, కూర్చున్న ఇంకొకరు లేచి నిలబడతారు. తోడబుట్టినవారిని అన్నా ఊరుకుంటారేమో గాని బండిని అంటే ఊరుకోరు! కొరింథు సంఘములో కొందరు పౌలు వారమని, కొందరు అపొల్లో వారమని, కొందరు కేఫా వారమని చీలిన సంగతి మాకు జ్ఞాపకం వస్తుంది.

ఈ అభిమానం సంగతి తెలియాలంటే అంబాసిడర్ కథ చూడాలి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను తీసుకొని, హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గరి ఉత్తరపాడలో 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టారు. అరవై ఏళ్ళకు దగ్గరగా దాని రూపం పెద్దగా మారలేదు. లైసెన్సుల రోజులు అవి. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. అంబాసిడర్ వద్దంటే ఫియట్, అంతకుమించి చెప్పుకోదగ్గ ఎన్నిక లేదు. కనుక మొదట్లో దానిని అభిమానం అనడం కంటే గత్యంతరం లేకపోవడం అంటేనే న్యాయం.

అయినా ప్రేమ పుట్టింది, దానికి కారణమూ ఉంది. ముందు సీటు బల్లలా ఉండేది, పిల్లా పెద్దా సర్దుకొని ఇంటిల్లిపాదీ ఎక్కేవారు. గుంతల దారిలో తట్టుకొనేది. చెడిపోతే చిన్న ఊరి మెకానిక్కు కూడా విప్పి బిగించగలిగేవాడు. పల్లెలో ఉన్నవారికి ఇది చిన్న మేలు కాదు.

1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందజేశారు. చిన్న కారు, తక్కువ పెట్రోలు. మెల్లగా దాని సామాను, దాని పని తెలిసినవారు ఊరూరా దొరికారు. అభిమానం అటు మళ్ళింది. 2014లో ఆ బండి తయారీ ఆగింది, అదే ఏడు అంబాసిడరూ ఆగింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు దేశపు పెజో వారు 80 కోట్ల రూపాయలకు కొన్నారు. బండి లేదు, పేరుకే 80 కోట్లు! మనుష్యుల మనసులో పేరుకున్న విలువ ఎంతటిదో చూడండి.

కంపెనీకి మాత్రం మన మీద అలాంటి మమకారం ఉండనక్కరలేదు. షెవర్లే బండ్ల అమ్మకం మన దేశంలో 2017తో ఆగింది. ఫోర్డు వారు 2021లో ఇక్కడి తయారీ మానుతున్నామని ప్రకటించారు. లాభం లేనిచోట వారు నిలువరు, అది వ్యాపారం. అందుకే బండి కొనేవారు పేరు అడిగేముందు, సామాను ఎంత దూరాన దొరుకుతుంది, బాగుచేసేవాడు ఏ ఊరిలో ఉన్నాడు అని అడగడం మేలని మా అభిప్రాయం. పంట మీద వాయిదా కట్టే ఇంటికి ఇది మరీ అవసరం.

అయితే మమ్మును నిజముగా బాధించేది వేరే ఉంది. చెట్టు క్రింది వాదం నవ్వులతో పోతుంది, పెండ్లి మాటలలోని వాదం పోదు. కారు ఇస్తామంటే చాలదట, ఫలానా కంపెనీదే కావాలట, రంగు కూడా వారే చెబుతారట! 1961 నుండి కట్నం చట్టరీత్యా నేరం. కారు రూపాన పుచ్చుకొన్నా కట్నం కట్నమే. వరుని ఇంటి అభిమానానికి వధువు తండ్రి ఎకరం తాకట్టు పెడుతున్నాడు. బండి పాతబడినా ఆ అప్పు మాత్రం తీరదు. ఆ అమ్మాయికి చెల్లెలు ఉంటే సంగతి చెప్పనక్కరలేదు.

నిశ్చితార్థపు ప్రార్థనకు పిలుపు వచ్చినప్పుడు మన సంఘ పెద్దలు ఆ కారు ఎవరు అడిగారో, దాని డబ్బు ఎక్కడ నుండి వస్తున్నదో ముందుగా విచారించవలెనని మా మనవి.