రెప్పపాటు చాలా ఎక్కువ!

భవానీపురం పున్నమి ఘాట్ మెట్లమీద కూర్చుంటే కృష్ణమ్మలో తళుక్కుమనే వెన్నెల, చందమామ నుంచి బయల్దేరి సెకనూ పైచిలుకే అయి ఉంటుంది. అంత వేగంగా పరిగెత్తే వెలుగు కూడా ఓ ఫెమ్టోసెకనులో వెళ్లగలిగేది మిల్లీమీటరులో మూడువేలో వంతుకన్నా తక్కువే. సెకనును పదికోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క అది!

ఇప్పుడు లేజర్ మెరుపుల్ని కొన్ని ఫెమ్టోసెకన్లకే కుదించేస్తున్నారు. లేజరంటే ఒకటే రంగు అనుకుంటాం కదా, మెరుపు ఎంత పొట్టిదైతే అన్ని ఎక్కువ రంగులు కలవాలి. చిక్కల్లా అక్కడే. గాజులోంచి వెళ్తే చాలు, ఎరుపు ముందుకెళ్లిపోతుంది, నీలం వెనకబడుతుంది, మెరుపు సాగిపోతుంది. అప్పుడు పట్టకాల జతతో ఎరుపును చుట్టుదారి పట్టించి మళ్లీ కలపాలి. ఆ సాగడాన్నే 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ వాడుకున్నారు. సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించారు. 2018లో నోబెల్ అందుకున్నారు.

డీఆర్‌డీఓ తోడ్పాటుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఏర్పాటైన కేంద్రంలో శాస్త్రవేత్తలు ఈ మెరుపుల్ని ఆర్‌డీఎక్స్‌లాంటి పేలుడు పదార్థాల మీద ప్రయోగించారు. మెరుపు తగిలినచోట నలుసంత పదార్థం భగ్గున వెలుగుతుంది. ఆ వెలుగును రంగులుగా విడదీస్తే లోపలి మూలకాలు బయటపడతాయి. బ్యాగు పిడికి అంటిన పొడి ఏమిటో ముట్టుకోకుండానే తేల్చాలన్నది ఆశ. కాకపోతే ప్లాస్టిక్‌లోనూ కార్బనే, గాలిలోనూ నైట్రోజనే. వీటిమధ్య అసలు దొంగను పట్టుకోవడమే తలనొప్పి.