చాకు ఎంత పొడవుంటే నేరం?

జేబులో చాకు పెట్టుకుని వీధిలో నడవడం నేరమా, కాదా? తార్‌బహార్‌లో ఏ టీకొట్టు దగ్గరైనా అడిగి చూడండి. ఆరంగుళాల లోపైతే ఫరవాలేదంటారు ఒకరు. నాలుగు వేళ్ళ వెడల్పు దాటకూడదంటారు ఇంకొకరు. చాకు దొరికితే చాలు కేసేనంటారు మూడోవారు. తమాషా ఏమిటంటే, ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. తప్పంతా చట్టం రాసినవాళ్ళది.

నేను లాయర్ని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో రిటైరైనవాణ్ణి. కానీ ఒక ఉత్తర్వులో అంకె ఏమిటి, ఆ అంకె పక్కన "మరియు" ఉందా "లేదా" ఉందా అని చూడటమే నా ఉద్యోగం. ఆ కళ్ళతోనే ఈ చాకు చట్టాన్ని చూద్దాం.

మొదట 1959 ఆయుధాల చట్టం. కేవలం ఇంటి అవసరాలకో వ్యవసాయానికో తయారైన వస్తువులు ఆయుధాలు కావని అందులోనే ఉంది. బాగుంది. 1962 నిబంధనల్లో ఒక కొలత పెట్టారు: తొమ్మిదంగుళాల కన్నా పొడవు లేదా రెండంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలుగు. ఇల్లు, వ్యవసాయం, విజ్ఞానం, పరిశ్రమ పనులకి చేసినవాటికి మినహాయింపు. 2016లో కొత్త నిబంధనలొచ్చినా ఈ కొలత మారలేదు. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది.

తిరకాసంతా సెక్షన్ 4లో ఉంది. ఏదైనా ప్రాంతంలో అవసరమనిపిస్తే గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, ఫలానా రకం ఆయుధం లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదని చెప్పొచ్చు. ఈ అధికారాన్ని కేంద్రం రాష్ట్రాలకి అప్పగించవచ్చు కూడా. అలా 1974 నవంబర్‌లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒకటి ఇచ్చింది. బహిరంగ స్థలాల్లో ఆరంగుళాల కన్నా పొడవు లేదా రెండంగుళాల కన్నా వెడల్పున్న అలుగు కూడదు. స్ప్రింగుతో తెరుచుకునే చాకైతే ఏ సైజుదైనా కూడదు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ విడిపోయింది. పాతవి రద్దయ్యేదాకో మారేదాకో కొనసాగుతాయని విభజన చట్టం చెప్పింది. అంటే బిలాస్‌పూర్‌వాడు తన జేబులో చాకు సంగతి తెలుసుకోవాలంటే, రాష్ట్రం పుట్టక ముందు ఇరవయ్యారేళ్ళ నాటి భోపాల్ గెజిట్ వెతుక్కోవాలి!

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వైపు వెళ్దాం. అక్కడ 1980 అక్టోబర్ నాటి నోటిఫికేషన్. బటన్, గరారీ, స్ప్రింగులతో తెరుచుకునే చాకుల అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, లేదా అంతకు మించి ఉంటే దాని పరిధిలోకి వస్తుంది. 7.62 అంటే సరిగ్గా మూడంగుళాలు. మరి 1.72 ఏ అంగుళాల లెక్క? ఎటు తిప్పినా నాకు రాలేదు. ఇంకో సంగతి గమనించండి. కేంద్రం కొలతలో పొడవు "లేదా" వెడల్పు, ఢిల్లీ కొలతలో పొడవు "మరియు" వెడల్పు. ఆడిట్‌లో ఈ ఒక్క మాట తేడాకి బిల్లు వెనక్కి పోతుంది. ఇక్కడ మనిషి లోపలికి పోతాడు.

ఆ ఢిల్లీ నోటిఫికేషన్ కింద బటన్ చాకు దొరికిందని పెట్టిన ఒక కేసుని 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నోటిఫికేషన్ మాట్లాడేది తయారీ, అమ్మకం, అమ్మడానికో పరీక్షకో దగ్గర ఉంచుకోవడం గురించి. ఛార్జిషీటులో అలాంటి ఆరోపణే లేదు అంది. ఉత్తర్వులో ఉన్న మాటలు చదవడానికి ఆ ముద్దాయి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. అంత దూరం పోలేనివాడి గతేమిటి?

ఇంకొకటి చూడండి. తుపాకీ లైసెన్సుకి సంబంధించిన సెక్షన్ 3 కింద ప్రాసిక్యూషన్ నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి. ఇది సెక్షన్ 39. సెక్షన్ 4 కింద చాకు కేసుకి ఆ అనుమతి అడగలేదు. నాటు పిస్తోలు వాడికున్న రక్షణ, చాకు పట్టుకున్న ఎలక్ట్రీషియన్‌కి లేదన్నమాట.

"బిలాస్‌పూర్‌లో కత్తిపోట్లు మీకు కనబడటం లేదా?" అని అడుగుతారు. కనబడుతున్నాయి. 2025లో ఇక్కడి హైకోర్టు తనంతట తానే ఆ సంగతి పట్టించుకుంది కూడా. పొడిచినవాణ్ణి వదలమని నేననడం లేదు. ప్రమాదకర ఆయుధంతో గాయపరచడానికీ హత్యాయత్నానికీ భారతీయ న్యాయ సంహితలో శిక్షలున్నాయి. కానీ కూరగాయల కత్తి ఆయుధం కాదని ఇదే చట్టం అంటుంది కదా! దానితో పొడిస్తే పేగులు బయటికి రావా? ప్రమాదం అలుగు కొలతలో లేదు, పట్టుకున్నవాడి ఉద్దేశంలో ఉంది. వస్తువులోనే చెడు ఉందనుకోవడం దిష్టిని నమ్మడం లాంటిదే. బాలింత తలగడ కింద కత్తి పెడితే దయ్యం పారిపోతుందనేవాళ్ళని నవ్వే మనం, జేబులోంచి చాకు తీసేస్తే నేరం పారిపోతుందని ఎలా నమ్ముతాం?

ఇంగ్లాండ్ చూడండి. 1988 చట్టం ప్రకారం మూడంగుళాలు మించని అంచు ఉన్న మడత చాకు కారణం చెప్పకుండా దగ్గర ఉంచుకోవచ్చు. అంతకు మించితే తగిన కారణం చూపాలి. పనికోసమైతే అది కారణమే. తెరిచినప్పుడు లాక్ పడే చాకుల మీద అక్కడా పేచీలొచ్చాయి, కోర్టులు తేల్చాయి. కానీ సామాన్యుడికి గుర్తుండే అంకె ఒకటుంది.

మన రాజ్యాంగం 25వ అధికరణం వివరణలో సిక్కులు కృపాణం ధరించడం మతాచరణలో భాగమని ఉంది. వాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు. నేననేది ఒక్కటే. అలుగు పట్టుకున్న ప్రతివాడూ హంతకుడు కాడని రాజ్యాంగమే ఒప్పుకుంది. ఆ నమ్మకాన్ని భక్తుడి మీద ఉంచినట్టే, మామిడికాయ కోసుకునే ప్రయాణికుడి మీదా, వైరు ఒలిచే కూలీ మీదా ఉంచండి.

కావలసినవి పెద్దవేమీ కావు. దేశమంతటికీ ఒకే కొలత, సెంటీమీటర్లలో. ఎక్కడినుంచి ఎక్కడికి కొలవాలో ఒక బొమ్మ. పనిముట్టుకి స్పష్టమైన మినహాయింపు. కేసు పెట్టేముందు ఒక పై అధికారి సంతకం. ప్రతి ఠాణా ముందూ, ప్రతి స్టేషన్‌లోనూ ఆ కొలత రాసిన బోర్డు, ఊళ్ళో జనం చదివే భాషల్లో. తరాలుగా తెలుగువాళ్ళున్న ఈ రైల్వే ఊళ్ళో తెలుగులో కూడా.

చట్టం తెలియదనడం సాకు కాదంటారు. సరే. అయితే తెలిసేలా చెప్పకపోవడం మాత్రం ఏ లెక్కన సాకవుతుంది?